విశాఖ దంతపు పెట్టెలు: మూత మీది నగిషీలో చేతిపని చరిత్ర

వ్యాస సంగ్రహం

17వ శతాబ్ది చివరి నుండి 20వ శతాబ్ది తొలి దశకాల వరకు విశాఖపట్నంలో తయారైన దంతపు నగిషీ చెక్కపెట్టెలు నేడు ఎక్కువగా విదేశీ మ్యూజియంలలోను, ప్రైవేటు సేకరణలలోను ఉన్నాయి. వాటిని చేసినవారి పేర్లు దాదాపుగా దొరకవు. వాటి మీద వచ్చిన ముఖ్యమైన అధ్యయనాలు ఆంగ్లంలోనే ఉన్నాయి. అవి కొన్నవారి అభిరుచిని కేంద్రంగా చేసుకున్నవి. ఈ వ్యాసం పెట్టె మూతను ప్రాథమిక ఆధారంగా తీసుకొని, పొదగడం, తాపడం, చెక్కి లక్క నింపడం అనే మూడు పనుల క్రమాన్ని పరిశీలిస్తుంది. నగిషీలో వచ్చిన మార్పులు పనితనపు క్షీణతకు గుర్తులు కావనీ, సరుకు, గిరాకీ మారినప్పుడల్లా చేతివృత్తివారు తీసుకున్న నిర్ణయాలకు ఆనవాళ్లనీ ప్రతిపాదిస్తుంది. ఈ పనికి సంబంధించిన తెలుగు పదజాలాన్ని పెంబర్తి, ఏటికొప్పాక వంటి సజీవ కేంద్రాల నుండి సేకరించవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: విశాఖపట్నం, దంతపు పని, నగిషీ పెట్టె, తాపడం, పొదుగుపని, లక్క, కంసాలులు, పెంబర్తి, ఏటికొప్పాక.

1. ప్రవేశిక

తెలుగు నేల మీద పుట్టి, తెలుగువారి చేతుల మీదుగా తయారై, తెలుగు ఇళ్లలో కనబడని వస్తువులు కొన్ని ఉన్నాయి. విశాఖ దంతపు పెట్టె వాటిలో ఒకటి. కళావస్తువుల వ్యాపారంలోను, మ్యూజియం పట్టికలలోను ‘వైజాగపటం’ అన్నది ఊరి పేరుగా కంటే ఒక పనితనపు పేరుగా స్థిరపడింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ పనికి చెందిన వస్తువులు ఉన్నాయి. బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో విశాఖ దంతపు కుర్చీలు ఉన్నాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఆస్తిని 1781లో ఇంగ్లండులో వేలం వేసినప్పుడు, మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం వాటిని కొన్నాడు.

కొన్నవారి పేరు, అమ్మినవారి పేరు, వేలం జరిగిన సంవత్సరం ఇలా నమోదై ఉన్నాయి. చేసినవారి పేరు మాత్రం లేదు. ఈ లోటు ఒక్క వస్తువుకు పరిమితమైనది కాదు. వలస పాలనలో ఎగుమతి అయిన చేతివృత్తుల సరుకు చరిత్ర అంతా చాలావరకు ఇలాగే మిగిలింది. కాగితం మీద లేని మనిషిని వస్తువులో వెతకడం ఒక్కటే ఇక్కడ మిగిలిన మార్గం. పెట్టెలో అందుకు అన్నిటికంటే అనువైన భాగం మూత. అందరి కళ్లూ ముందుగా పడేది దాని మీదే. నగిషీ కేంద్రీకృతమయ్యేదీ అక్కడే. చెక్క వంగితే, రేకు లేస్తే ముందుగా బయటపడేది కూడా అక్కడే. అందువల్ల పనివాడు తనకు తెలిసినదంతా మూత మీద పెట్టవలసి వచ్చింది.

2. పెట్టెకు ఉన్న పేర్లు, మిగలని పెట్టెలు

పెట్టెకు తెలుగులో పేర్లకు కొదవ లేదు. ధాన్యం, ధనం, పట్టుబట్టలు దాచే పెద్ద పెట్టె భోషాణం. విలువైనవీ పవిత్రమైనవీ ఉంచేది మందసం. కుంకుమకు, కాటుకకు, సుగంధ ద్రవ్యాలకు భరిణె. గ్రాంథిక భాషలో పేటిక, కరండం. ఇవి కేవలం పరిమాణ భేదాలు కావు. ఏ పెట్టెలో ఏమి దాచాలి, దాన్ని ఎవరు తెరవాలి అన్న కుటుంబ వ్యవస్థ ఈ పేర్ల వెనుక ఉంది.

ఇన్ని పేర్లున్నా పాత పెట్టెలు మిగిలింది తక్కువ. చెక్క ఈ వాతావరణంలో నిలిచే పదార్థం కాదు. చెద, తేమ, నిప్పు దాని శత్రువులు. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్ట మీద ఆదిమానవుల శిలాచిత్రాలు నేటికీ కనిపిస్తాయి. ఆ సమీపంలోనే గణపురం కోటగుళ్లు, కొంత దూరంలో పాలంపేటలో 1213 నాటి రామప్ప ఆలయం కాకతీయుల రాతిపనికి సాక్ష్యాలుగా నిలిచాయి. రాతి మీది రంగు నిలిచింది, రాతి మీది ఉలి దెబ్బ నిలిచింది. అదే కాలాల వడ్రంగుల పనిలో చేతికి అందేది దాదాపు ఏమీ లేదు.

ఈ స్థితి చరిత్ర రచనను ఒక పక్కకు వంచుతుంది. వాడుకలో ఉన్న పెట్టె అరిగిపోయింది, వాడకానికి దూరంగా ఓడ ఎక్కిన పెట్టె అద్దాల బీరువాలో నిలిచింది. కాబట్టి ఎగుమతి పెట్టెలను మాత్రమే చూసి తెలుగు చెక్కపెట్టె చరిత్ర ఇదేనని తీర్మానించడం పొరపాటు. అవి ఒక పెద్ద పరంపరలో మిగిలిన ఒక పాయ మాత్రమే. ఈ పరిమితిని గుర్తించిన మీదటనే వాటిని ఆధారంగా వాడుకోవాలి.

3. రేవు, సరుకు, పనివారు

17వ శతాబ్దిలో ఉత్తరాంధ్ర తీరాన డచ్చివారు భీమునిపట్నంలోను, ఆ శతాబ్ది చివరి పాదంలో ఇంగ్లీషువారు విశాఖపట్నంలోను వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. వారిని ఈ తీరానికి రప్పించింది ప్రధానంగా నేతబట్టలు, అద్దకపు బట్టలు. బట్టల కోసం వచ్చిన ఓడలలోనే దంతపు నగిషీ సామాను కూడా ప్రయాణించింది. కంపెనీ ఉద్యోగులకు, ఓడ కప్తానులకు సొంత వ్యాపారం చేసుకునే వెసులుబాటు ఉండేది. చిన్నది, తేలికైనది, ఖరీదైనది అయిన పెట్టె అలాంటి వ్యాపారానికి అన్నివిధాలా అనువైన సరుకు.

1757లో బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివారు విశాఖపట్నాన్ని పట్టుకున్నారు. మరుసటి సంవత్సరమే అది తిరిగి ఇంగ్లీషువారి వశమైంది. ఆ సంఘర్షణకు కొద్దిగా ముందు, 1756లో, జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ ఊరిని గురించి రాస్తూ అద్దకపు బట్టలతో పాటు ఇక్కడి దంతపు పొదుగుపనిని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఈ సాక్ష్యం రెండు విధాల విలువైనది. అప్పటికే ఆ పని పేరు మోసినదని అది తెలుపుతుంది. బట్ట, పెట్టె ఒకే ఊరి రెండు ఖ్యాతులుగా పక్కపక్కనే ఉన్నాయని కూడా తెలుపుతుంది. తొలినాటి మూతల అంచుల మీద కనబడే తీగెలు, పూలు కోరమండల్ అద్దకపు బట్టల అంచులను తలపించడానికి ఈ ఇరుగుపొరుగు సంబంధమే నేపథ్యం కావచ్చు.

సరుకు నాలుగు దిక్కుల నుండి వచ్చేది. దంతంలో కొంత సముద్రం మీదుగా పెగూ నుండి దిగుమతి అయ్యేది. గంధపు చెక్కకు మైసూరు ప్రాంతం ప్రసిద్ధం. దుప్పి కొమ్ము, గేదె కొమ్ము, ముళ్లపంది ముళ్లు పశ్చిమాన ఉన్న కొండ ప్రాంతాల అడవులూ పల్లెలూ ఇవ్వగలిగినవి. లక్క మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద పెరిగే పురుగు స్రవించే జిగురు. అంటే ఒక్క మూతలో సముద్రం, పీఠభూమి, కొండ, మైదానం కలిసేవి. విశాఖపట్నం వాటన్నిటికీ కూడలి.

ఈ పని చేసినవారు కంసాలులని 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ సంకలనం చేసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ పేర్కొంటుంది. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అనే ఐదు వృత్తులను ఒక్క కుదురుగా భావించే విశ్వబ్రాహ్మణ సంప్రదాయంలో ఈ విషయానికి ప్రాధాన్యం ఉంది. పెట్టె వడ్రంగి పని. దాని మీది గీత కంసాలి పని. తాళం, మడతబందులు లోహపు పని. ఒకే వస్తువులో ఇన్ని నైపుణ్యాలు ఇమడటానికి వృత్తుల మధ్య ఉన్న ఆ సామీప్యం తోడ్పడి ఉంటుంది. బంగారం మీద సన్నని గీత గీసే చేతికి దంతం మీద గీయడం పూర్తిగా కొత్త విద్య కాదు.

4. మూత తయారీ: మూడు పనులు

విశాఖ పెట్టెల వర్ణనలలో తరచు కలగాపులగం అయ్యే మూడు పనులను వేరు చేసి చూడటం అవసరం. తెలుగులో వీటికి స్పష్టమైన మాటలు ఉన్నాయి.

మొదటిది పొదగడం. గట్టి కర్రలో నగిషీ ఆకారానికి సరిపడే గుంట తవ్వి, అదే ఆకారంలో కోసిన దంతపు ముక్కను అందులో కూర్చోబెట్టడం ఇది. ఇక్కడ కర్రే నేల, దంతం బొమ్మ. గుంట వెంట్రుకవాసి పెద్దదైనా ముక్క చుట్టూ సందు కనబడుతుంది, చిన్నదైతే ముక్క విరుగుతుంది. నల్లచేవ కర్ర, ఇరుగుడు వంటి గట్టి కర్రలు ఇందుకు అనువైనవి. తెల్లని దంతం వాటి ముదురు రంగు మీద ఎత్తి చూపినట్లు కనబడుతుంది.

రెండవది తాపడం. పెట్టె మొత్తాన్ని సాధారణమైన చెక్కతోనో గంధపు చెక్కతోనో చేసి, దాని పైభాగమంతా పలుచని దంతపు రేకులతో కప్పడం ఇది. ఇక్కడ దంతమే నేల. చెక్క కంటికి కనబడదు. రేకులను బంకతో అతికించి, దంతపు చీలలతో బిగించేవారు. ఈ పనిలో అసలు చిక్కు దంతపు స్వభావంలో ఉంది. ఏనుగు దంతం మొదలు భాగంలో బోలుగా ఉంటుంది. గట్టి భాగాన్ని నిలువుగా కోస్తే వచ్చే రేకు వెడల్పు దంతపు వ్యాసాన్ని మించదు. వెడల్పాటి మూతను ఒకే రేకుతో కప్పడం సాధ్యం కాదు కనుక అతుకులు తప్పవు. పైగా చెక్క ఋతువులను బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. దంతం కూడా కదులుతుంది, కాని అదే కొలతలో కాదు. రెండిటి కదలికను లెక్కలో పెట్టుకోని మూత కొన్నేళ్లకే పగులుతుంది. రెండు వందల ఏళ్ల తరువాత కూడా పగలక నిలిచిన మూత ఉందంటే, చెక్కను ఎంతకాలం ఆరబెట్టాలో, ఏ వైపు నార ఎటు రావాలో తెలిసిన వడ్రంగి దాని వెనుక ఉన్నాడని అర్థం.

మూడవది చెక్కి లక్క నింపడం. దంతపు రేకు మీద సన్నని మొన గల పనిముట్టుతో బొమ్మను గీతలుగా చెక్కుతారు. వేడికి మెత్తబడిన నల్ల లక్కను ఆ గీతల్లోకి దిగేలా రుద్దుతారు. చల్లారిన తరువాత పైన మిగిలినదాన్ని గీకివేసి మెరుగు పెడితే గీత మాత్రం నల్లగా నిలుస్తుంది. లక్కకు వేడిలో కరిగి చల్లారగానే గట్టిపడే గుణం ఉండటం వల్లనే ఇది సాధ్యమైంది. అనేక మూతలలో అంచు నగిషీ రేకుల అతుకుల వెంట నడవడాన్ని గమనించవచ్చు. అతుకును దాచవలసిన అవసరమే అలంకారానికి చోటు చూపింది.

తెలుగు పాఠకుడికి ఈ మూడవ పని వేరొక విద్యను గుర్తు చేస్తుంది. తాటాకు మీద గంటంతో రాసినప్పుడు గీత పడుతుంది గాని అక్షరం కనబడదు. మసి పూసి తుడిచినప్పుడు గీతలో నిలిచిన నలుపే అక్షరం అవుతుంది. దంతం మీది లక్క చేసే పని కూడా సూత్రరీత్యా అదే. ఈ పోలిక ఒకటి మరొకదాని నుండి పుట్టిందని నిరూపించదు. అయితే గీసి, నింపి, తుడిచి బొమ్మ తేల్చే పద్ధతి ఈ ప్రాంతానికి కొత్త కాదని, యూరపు చెక్కడపు బొమ్మలను చూసి ఒక్కసారిగా నేర్చుకున్న విద్యగా దాన్ని చూడనక్కరలేదని ఇది తెలుపుతుంది.

5. మూత మీది మూడు దశలు

పై మూడు పనులలో దేనికి ప్రాధాన్యం ఉందో చూస్తే విశాఖ పెట్టెల చరిత్ర స్థూలంగా మూడు దశలుగా విడిపోతుంది. ఈ దశల మధ్య గోడలు లేవు. ఒక దశలోని పని తరువాతి దశలోనూ కొనసాగింది.

తొలి దశ 17వ శతాబ్ది చివరి నుండి 18వ శతాబ్ది మధ్య వరకు. ఇందులో పొదుగుపనిది పైచేయి. నల్లని నేల మీద తెల్లని తీగెలు, ఆకులు, పూలు పరుచుకుంటాయి. దంతపు ముక్కల మీది ఈనెలు, రేకుల మడతలు లక్క నింపిన సన్నని గీతలతో తేలుతాయి. వస్తువు ఆకారం యూరపు వారిది. రాతపెట్టె, సొరుగుల పెట్టె వంటివి వారు కోరినవి. వాటి మీది తీగె మాత్రం ఈ తీరపు బట్టల మీది తీగెకు చుట్టం.

రెండవ దశ 18వ శతాబ్ది మధ్య నుండి 19వ శతాబ్ది తొలి దశకాల వరకు. 1765 నాటి మొగలు ఫర్మానా, 1766లో నిజాంతో కుదిరిన ఒప్పందం తరువాత ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. కొనేవారి సంఖ్య, వారి ఐశ్వర్యం పెరిగాయి. నలుపు తెలుపులు ఈ దశలో తారుమారయ్యాయి. దంతం నేల అయింది, గీత నలుపయింది. మూతల మీద యూరపు ముద్రిత చిత్రాలను చూసి చెక్కిన భవనాలు, స్తంభాలు, తోటలు కనబడతాయి. ఇంటి ఆకారంలో పైకప్పే మూతగా గల పెట్టెలు కూడా ఈ దశలోనివే. తాము ఎన్నడూ చూడని దేశపు ఇళ్లను పనివారు కాగితం నుండి దంతం మీదికి తెచ్చారు. కాని ఆ భవనం చుట్టూ ఉన్న అంచులో పాత తీగె, పాత పువ్వు అలాగే నిలిచాయి. నడుమ ఉన్న బొమ్మ కొనేవాడిది, అంచు పనివాడిది అనదగిన ఒడంబడిక అనేక మూతల మీద కనబడుతుంది.

మూడవ దశ 19వ శతాబ్ది. పెట్టెలు చిన్నవయ్యాయి, రకాలు పెరిగాయి. కుట్టుపని పెట్టె, తేయాకు పెట్టె, కాగితాల పెట్టె, సీట్లపేక పెట్టె వంటివి మధ్యతరగతి యూరపు ఇళ్లకు చేరాయి. దంతం మూత అంచుకు, చిన్న చిన్న బిళ్లలకు పరిమితమైంది. నడిమి భాగాన్ని దుప్పి కొమ్ము, గేదె కొమ్ము, తాబేటి చిప్ప, ముళ్లపంది ముళ్లు ఆక్రమించాయి. ముళ్లను పక్కపక్కన వరుసగా పేర్చినప్పుడు వాటి సహజమైన నలుపు, గోధుమ, తెలుపు చారలే నగిషీగా మారతాయి. గీయకుండానే గీత వచ్చింది. లోపల గంధపు చెక్క అరలు, వాటికి దంతపు పిడులు గల చిన్న మూతలు ఉండేవి. ఈ శతాబ్ది రెండవ సగంలో మూతల మీద హిందూ దేవతామూర్తులు కూడా ప్రవేశించాయి. ఆ దశలో కొనేవాడు తన ఇంటి బొమ్మను కాక ‘భారతీయమైన’ బొమ్మను కోరాడు.

ఈ మూడవ దశను క్షీణదశగా చెప్పడం పరిపాటి. దంతం తగ్గడం, పదార్థాలు కలగలవడం, పర్యాటకుల గిరాకీ పెరగడం అందుకు కారణాలుగా చూపుతారు. మూతను దగ్గరగా పరిశీలిస్తే ఈ తీర్పు నిలవదు. వేర్వేరు మందాలు, వేర్వేరు కదలికలు గల నాలుగైదు పదార్థాలను ఒకే సమతలంలో కూర్చడం ఒకే దంతపు రేకును అతికించడం కంటే సులువైన పని కాదు. ఖరీదైన పదార్థాన్ని తగ్గించి, దగ్గరలో దొరికే పదార్థంతో కొత్త అందాన్ని సాధించడం పనితనపు లోటు కాదు. అది మారిన గిరాకీకి పనివాడు వెతికిన సమాధానం.

6. ‘ఆంగ్లో-ఇండియన్’ అన్న పేరు, కర్తృత్వ సమస్య

ఈ పెట్టెలకు మ్యూజియం పట్టికలలోను, వేలం జాబితాలలోను ‘ఆంగ్లో-ఇండియన్’ అన్న విశేషణం సాధారణం. అందులో పొరపాటు లేదు. ఆకారం ఒకరిది, పనితనం మరొకరిదన్న సంగతిని అది ఒప్పుకుంటుంది. అయితే ఆ పేరులో ఉన్న ఇద్దరిలో ఒకరి ఇంటిపేరు, పదవి, వీలునామా దొరుకుతాయి. రెండవవారికి వృత్తి పేరు, ఊరి పేరు తప్ప మరేమీ లేవు. పేరు సమానంగా పంచినట్లు కనిపించినా చరిత్ర సమానంగా పంచలేదు.

ఈ రంగంలో జరిగిన కృషిని తక్కువ చేయడానికి వీలులేదు. జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో భారతీయ పారిశ్రామిక కళల మీద, ఎడ్గార్ థర్‌స్టన్ 1901లో దక్షిణ భారత దంతపు పని మీద, జార్జ్ వాట్ 1903 నాటి ఢిల్లీ ప్రదర్శన మీద చేసిన రచనలు పునాది వంటివి. 2001లో అమీన్ జాఫర్ బ్రిటిష్ ఇండియా, సింహళాల సామాను మీద ప్రచురించిన గ్రంథం విశాఖ పని కాలక్రమాన్ని పటిష్ఠం చేసింది. వీటన్నిటి దృష్టీ ప్రధానంగా వస్తువు మీద, అది చేరిన ఇంటి మీద ఉంది. పని జరిగిన చావడి, అక్కడి మాట, పిల్లవాడు పని నేర్చుకున్న క్రమం వాటి పరిధిలోకి రాలేదు. ఆ ఖాళీని పూరించవలసినది తెలుగు పరిశోధనే.

గుర్తింపు విషయంలో మరొక చిక్కు ఉంది. ముళ్లపంది ముళ్ల పెట్టెలు సింహళంలోని గాలేలో కూడా పెద్ద సంఖ్యలో తయారయ్యాయి. బొంబాయి పెట్టెలుగా పేరుపడ్డవాటిలో నగిషీ వేరొక పద్ధతిది. దంతం, లోహం, రంగు చెక్కల సన్నని పుల్లలను కట్టగా అతికించి, ఆ కట్టను అడ్డంగా పలుచని బిళ్లలుగా కోసి చెక్క మీద పరుస్తారు. అక్కడ నగిషీ గణితం నుండి వస్తుంది, ఒకే కట్ట నుండి ఒకే రకం బిళ్లలు ఎన్నో వస్తాయి. విశాఖ మూత మీద ప్రతి గీతా విడిగా గీసినదే. కాబట్టి పెట్టె ఏ ఊరిదో నిర్ణయించడానికి పదార్థం చాలదు, పనిని చూడాలి. పనిని చూడటానికి పనికి సంబంధించిన మాటలు కావాలి.

7. దంతం ముగిసిన తరువాత

విశాఖ పెట్టెను మెచ్చుకునేటప్పుడు దాని మూల్యాన్ని మరవకూడదు. ప్రతి తెల్లని మూత వెనుక ఒక ఏనుగు ఉంది. తాబేటి చిప్ప వెనుక సముద్రపు తాబేలు ఉంది. ఈ సరుకును కోరిన గిరాకీ ప్రపంచవ్యాప్తమైనది. విశాఖపట్నం అందులో చిన్న భాగమే అయినా భాగమే.

అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒడంబడిక 1975లో అమలులోకి వచ్చింది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ దేశీయ దంతపు వ్యాపారాన్ని నిషేధించింది. 1991 సవరణ దిగుమతి చేసుకున్న ఆఫ్రికా దంతానికీ ఆ నిషేధాన్ని వర్తింపజేసింది. బ్రిటన్‌లో 2018 నాటి దంతపు చట్టం 2022 జూన్‌లో అమలులోకి వచ్చింది. పాత వస్తువులకు కొన్ని మినహాయింపులు మాత్రమే ఇచ్చింది. ఈ చట్టాలు న్యాయమైనవి, అవసరమైనవి. అయితే పరిశోధకుడికి వీటి వల్ల ఒక బాధ్యత ఏర్పడుతుంది. ఈ పనిని ఇక తిరిగి చేసి చూపడం సాధ్యం కాదు, సాధ్యం కావాలని కోరుకోవడమూ తగదు. కనుక ఈ విద్య గురించి తెలుసుకోదగినదంతా ఉన్న వస్తువుల నుండి, సమీప వృత్తుల నుండి మాత్రమే తెలుసుకోవాలి.

8. పదజాలం ఎక్కడ వెతకాలి

దంతపు పని ఆగిపోయినా అందులోని మూడు పనులలో రెండు తెలుగు నేల మీద వేరే పదార్థాలలో సజీవంగా ఉన్నాయి.

తాపడానికి పెంబర్తి ఉంది. జనగామ జిల్లాలోని ఈ గ్రామపు విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద నగిషీ కొట్టి, ఆలయాల తలుపులకు, వాహనాలకు, రథాలకు తాపడం చేస్తారు. లోపల చెక్క, పైన రేకు, రేకు మీద బొమ్మ అన్న నిర్మాణ సూత్రం విశాఖ మూతలోనిదే. రేకు అతుకు ఎక్కడ రావాలి, చీల ఎక్కడ దాచాలి, లోపలి చెక్క కదిలితే పైరేకు ఏమవుతుంది అన్న ప్రశ్నలకు పెంబర్తి పనివారి దగ్గర సమాధానాలు మాత్రమే కాదు, ఆ సమాధానాలకు మాటలు కూడా ఉన్నాయి. నిజాం కాలంలో ఇక్కడ పాన్‌దాన్ల వంటి మూతగల వస్తువులు కూడా తయారయ్యాయి. పెంబర్తి లోహపు పనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది.

లక్కకు ఏటికొప్పాక ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామం పాత విశాఖపట్నం జిల్లాలోనిదే. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికి కరిగే లక్కను పూసి బొమ్మలు, కుంకుమ భరిణెలు చేస్తారు. సహజమైన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన కృషికి సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ లక్క ఉపరితలమంతా పరుచుకుంటుంది, విశాఖ మూతలో గీతలోకి దిగేది. రెంటినీ ఒకే పరంపరగా చెప్పడానికి ఆధారం లేదు. కాని లక్క ఎంత వేడికి జారుతుంది, ఎప్పుడు పట్టు ఇస్తుంది, ఏ రంగు నిలుస్తుంది అన్న అనుభవజ్ఞానం ఆ తరిణెల దగ్గర నేటికీ ఉంది.

ఈ రెండు చోట్ల వృత్తి పదకోశాలను పనిముట్ల బొమ్మలతో, పని జరిగే క్రమంలో సేకరించడం మొదటి అడుగు. ఆ పదాలతో మ్యూజియంలలోని విశాఖ వస్తువులకు తెలుగులో వివరణాత్మక పట్టికను తయారుచేయడం రెండవ అడుగు. జనగామ, భూపాలపల్లి, విశాఖపట్నం ప్రాంతాల కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టదగిన పని ఇది. ఇందులో ఆలస్యానికి చోటు తక్కువ. పనివాడి కొడుకు వేరే ఉద్యోగంలోకి వెళ్లిన రోజున పనిముట్టు మిగిలినా దాని పేరు మిగలదు.

9. ముగింపు

విశాఖ దంతపు పెట్టె చరిత్రను ఇంతవరకు పెట్టె చేరిన చోటి నుండి రాశారు. పెట్టె బయలుదేరిన చోటి నుండి రాయవచ్చునని ఈ పరిశీలన చూపుతుంది. పొదగడం, తాపడం, చెక్కి లక్క నింపడం అనే మూడు పనుల దృష్టితో చూసినప్పుడు మూత మీది మార్పులు యూరపు అభిరుచికి నీడలుగా మిగలవు. నల్లని నేల మీది తెల్లని తీగె, తెల్లని నేల మీది నల్లని భవనం, ముళ్ల చారల మధ్య దంతపు బిళ్ల అన్న మూడూ మూడు వేర్వేరు పరిస్థితులలో పనివాడు తీసుకున్న నిర్ణయాలు. ఎగుమతి కోసం చేసిన వస్తువులు కనుక ఇవి తెలుగు పెట్టెల మొత్తం చరిత్రకు ప్రతినిధులు కావు. అయినా చేతివృత్తివారి ఆలోచనకు ఇంతకంటే నేరుగా దొరికే సాక్ష్యం మరొకటి అరుదు. వారి పేర్లు ఇక దొరకకపోవచ్చు. వారి పనికి వారి భాషలో ఉన్న పేర్లు మాత్రం ఇంకా దొరుకుతాయి. పరిశోధన అక్కడి నుండి మొదలు కావాలి.